ప్రార్థన చేస్తున్నా మనసు నిమ్మళించడం లేదా? ఇలా చేసి చూడండి

"అక్కా, దినామూ ప్రార్థన చేస్తానే ఉండా, అయినా సమాధానం రాలేదు."

వారానికి ఒకరైనా నాతో ఈ మాట అంటారు. తిరుపతి బైరాగిపట్టెడలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. టేపు తీసి కొలతలు మొదలుపెట్టగానే ఎందుకో మనుషులు మనసులో ఉన్నది చెప్పేస్తారు, అప్పులు, అత్తలు, పిల్లల మార్కులు, అన్నీ. మా సంఘంలో గురువారం ఆడవాళ్ళ కూడిక కూడా నేనే చూసుకుంటాను కాబట్టి అక్కడా ఇదే ప్రశ్న. చెప్పిందే చెప్పి విసుగొచ్చి, ఒకసారి వివరంగా రాసి పెడితే పోతుంది కదా అని కూర్చున్నాను.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. బయట సమాధానం అంటే జవాబు. మన చర్చిల్లో సమాధానం అంటే మనశ్శాంతి. ఈ రెండూ మన బుర్రలో కలిసిపోయాయి. అడిగినదానికి జవాబు వస్తేనే, అంటే కొడుక్కి ఉద్యోగం వస్తేనే, రిపోర్టు నార్మల్ అని వస్తేనే మనశ్శాంతి అనుకుంటున్నాం. బైబిల్లో ఫిలిప్పీ పత్రిక, అంటే పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం, 4వ అధ్యాయం 6, 7 వచనాలు తీయండి. మీ విన్నపాలు దేవునికి చెప్పుకోండి అని ఆరో వచనం. ఏడో వచనంలో అడిగింది ఇచ్చేస్తాడని లేదు. దేవుని సమాధానం మీ హృదయాలకూ తలంపులకూ "కావలియుండును" అని ఉంది. కావలి అంటే మనకు తెలుసు కదా, మామిడి తోటకు పెట్టుకుంటాం. కావలి మనిషి ఉన్నంత మాత్రాన కోతులు రాకుండా పోవు, వచ్చినప్పుడు తోలడానికి ఒకడున్నాడన్న ధీమాతో మనం ఇంట్లో పడుకుంటాం, అంతే. ఈ పత్రిక రాసేటప్పుడు పౌలు సంకెళ్ళలో ఉన్నాడు, ఆయన కోతులు ఆయనకున్నాయి.

సిద్ధాంతం ఇంతే. ఇక పని.

కావాల్సినవి

ఒక చిన్న నోటు పుస్తకం, ఒక పెన్ను. బైబిలు (చదవడం రానివాళ్ళకూ, చత్వారం వచ్చినవాళ్ళకూ ఫోన్లో తెలుగు ఆడియో బైబిలు ఉచితంగానే దొరుకుతుంది). రోజుకు ఇరవై నిమిషాలు. ఒక మామూలు అలారం గడియారం, ఎందుకంటే అలారం కోసమని ఫోను దిండు పక్కన పెట్టుకుంటే ఆ ఇరవై నిమిషాలూ ఫోనే తినేస్తుంది. నోరు జారని ఒక మనిషి. ఆరు వారాల ఓపిక.

అక్కర్లేనివి కూడా చెప్తాను. ప్రార్థించిన నూనె సీసా, గోడంతా నిండే వాక్యాల ఫ్రేములు, ఎవరికో గూగుల్ పే చేసి చేయించుకునే స్పెషల్ ప్రార్థన. ఇవి కొన్నవాళ్ళెవరూ వాటివల్ల బాగా నిద్రపోయామని నాకు చెప్పలేదు.

1. ముందు తినండి, నిద్రపోండి

నవ్వకండి. 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త కథ చూడండి. కర్మెలు కొండ మీద అంత పెద్ద గెలుపు గెలిచిన మనిషి, యెజెబెలు రాణి బెదిరించేసరికి అడవిలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అక్కడ ప్రసంగం చేయలేదు. దూత వచ్చి తట్టి లేపి, లేచి తిను అన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్ళు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. కొండ, గాలి, భూకంపం, నిమ్మళంగా వినిపించిన స్వరం, అన్నీ ఆ తర్వాతే.

కాబట్టి మొదటి వారం అన్నిటికంటే ముందు పని: రోజూ ఒకే సమయానికి తినడం, ఒకే సమయానికి పడుకోవడం. శ్రీసిటీ కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్ళకు ఇది కుదరదు, తెలుసు. మీరు గడియారం వదిలేసి షిఫ్టును లెక్కపెట్టుకోండి, బస్సు దిగాక గంటన్నరలో మంచం మీద ఉండాలి అనుకోండి చాలు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, మనసు బాగాలేదని రాత్రి ఒంటిగంట దాకా యూట్యూబులో ప్రసంగాలు వింటూ పడుకోవడం. మంచివే అయినా సరే, అవి కూడా నిద్ర చెడగొట్టేవే. రెండో పొరపాటు ఉపవాసం. షుగరు ఉన్నవాళ్ళు, గర్భిణులు, రోజూ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరును అడగకుండా ఉపవాస ప్రార్థనకు కూర్చోవద్దు. దానికి బదులు సీరియల్ మానండి, అదీ ఉపవాసమే, కొందరికి అన్నం మానడం కంటే కష్టం.

2. చింతలకు పేర్లు పెట్టి రాయండి

నా షాపులో కొలతల పుస్తకం ఉంటుంది. పేరు, కొలతలు, బట్ట ఇచ్చిన తేదీ, కుట్టి ఇవ్వాల్సిన తేదీ. చింతల పుస్తకం కూడా అలాగే గీసుకోమని చెప్తాను, ఒక్క మార్పుతో. మూడు గడులు: విషయం, ఇచ్చిన తేదీ, ఈ రోజు నేను చేయాల్సింది. తిరిగి వచ్చే తేదీకి గడి ఉండదు. అది మన చేతిలో లేదు.

విషయం గడిలో "పిల్లల భవిష్యత్తు", "ఇంటి పరిస్థితి" అని రాస్తే పని జరగదు. ఒకామె మొదట అలాగే రాసుకొచ్చింది. ఇంకా చిన్నగా రాయమ్మా అంటే, "పెద్దోడి ఫీజు" అని రాసింది. ఇంకా చిన్నగా అన్నాను. చివరికి ఇలా వచ్చింది: "పెద్దోడి కాలేజీ ఫీజు రెండో విడత 18,000. పదిహేనో తేదీ లోపల. చేతిలో 11,000." రాశాక ఆమే పుస్తకం వైపు కాసేపు చూసి, "అంటే నా బాధ ఏడు వేలా అక్కా?" అంది. ఏడు వేలు చిన్న మొత్తమని కాదు, మా వీధిలో అదీ పెద్దదే. కానీ పేరు లేని దయ్యం ఇల్లంతా తిరుగుతుంది, పేరు పెడితే ఒక మూల నిలబడుతుంది. ఆమె మూడో గడిలో "కాలేజీ ఆఫీసులో గడువు అడగాలి" అని రాసుకుంది.

పుస్తకంలో చర్చి భాష రాయకండి. "పరలోకపు తండ్రీ నీ చిత్తమైతే" అని మొదలుపెట్టారంటే అసలు సంగతి పేజీ చివరికైనా రాదు. మీరు మీ చెల్లెలితో ఫోన్లో ఎలా చెప్తారో అలా రాయండి. కోపమొస్తే కోపంగా రాయండి. రాయడం రాకపోతే ఒక్కో చింతకు ఒక్కో చింతగింజ డబ్బాలో వేసుకున్నా సరిపోతుంది, మా కూడికలో ఒక ముసలామె అలాగే చేస్తుంది, పేరుకు పేరు కూడా కలిసొచ్చిందని ఆమెకు భలే నవ్వు.

3. నోరు తెరిచి అప్పగించండి

"మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అని 1 పేతురు 5:7. వేయడం అంటే తలమీది గంప దింపి ఇంకొకరి తలకెత్తడమే. లోలోపల గొణుక్కుంటే సగం దింపినట్టే ఉంటుంది, అందుకే గొంతు వినిపించేలా చెప్పండి. ఇంట్లో అందరూ ఉంటే మిద్దె మీదకు వెళ్ళండి, లేకపోతే బాత్రూములో కొళాయి తిప్పుకోండి.

ఎలా అంటే, ముందు రెండు నిమిషాలు ఊరకే కూర్చుని ఊపిరి నెమ్మదిగా వదలండి, పీల్చేదానికంటే వదిలేది ఎక్కువసేపు. గుండె దడ కొంచెం తగ్గుతుంది, అది ఒంటి స్వభావం, భక్తికి సంబంధం లేదు. తర్వాత పుస్తకంలో ఒక్కో వరుస చదివి, "ఇది నీకు ఇస్తున్నాను" అని చెప్పి, తేదీ వేయండి. ఏడుపొస్తే ఏడవండి, రాకపోతే తెచ్చుకోవద్దు. పది నిమిషాల్లో అయిపోవాలి.

నేను తెల్లారి నాలుగున్నరకు కూర్చుంటాను. మాది తిరుపతి కదా, ఆ వేళకు వీధి చివర గుడి మైకులో సుప్రభాతం, దూరంగా రైలు కూత, అలిపిరి వైపు నడిచే వాళ్ళ గోవింద నామాలు. "వీటి మధ్య నీకు ప్రార్థన ఎట్ల కుదురుతాది?" అని బెంగళూరు చుట్టాలు అడుగుతుంటారు. నాకేమీ అడ్డు కాదు, పుట్టినప్పటి నుంచి అలవాటైన చప్పుడు, ఊరంతా ఎవరికి వాళ్ళు మొర పెట్టుకుంటున్న వేళ అది. పక్కింటివాళ్ళ భక్తి మీద చిరాకు పెట్టుకుని మీ శాంతి వెతుక్కోవడం మాత్రం కుదరదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఉదయం ఇచ్చేసింది మధ్యాహ్నం మూడుకల్లా మళ్ళీ మన నెత్తిమీదే ఉంటుంది. నాకు ఒక కస్టమరు ఉంది, బ్లౌజు ఇచ్చిన మర్నాటి నుంచి రోజూ వచ్చి "అయిందా?" అంటుంది. అడగడంలో తప్పులేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా అవే మాటలు మూడుసార్లు చెప్పి ప్రార్థించాడు, ఈ గిన్నె, అంటే ఈ శ్రమ, నా దగ్గర నుంచి తొలగిపోనీ అని. ఆ గిన్నె తొలగలేదు కూడా. కానీ ఆ కస్టమరు ఒకరోజు విసుగొచ్చి, నేను సగం కుట్టిన బ్లౌజు తీసుకెళ్ళి ఇంట్లో తనే కుట్టుకోబోయి చంక దగ్గర చింపుకొచ్చింది. నేను వద్దనేది ఆ పని.

చింత తిరిగి వచ్చినప్పుడు మళ్ళీ కూర్చుని పెద్ద ప్రార్థన మొదలుపెట్టకండి. పుస్తకం తీసి ఇచ్చిన తేదీ మీద వేలు పెట్టండి. "పన్నెండో తేదీన ఇచ్చేశాను" అని పైకి అనండి. చేతిలో ఉన్న పని చేసుకోండి. మొదటి వారంలో రోజుకు ముప్పైసార్లు ఇలా చేయాల్సి రావచ్చు, విసుగు పడొద్దు.

మొక్కులాంటి బేరం మాత్రం పెట్టకండి. "ఈ పని జరిగితే సాక్ష్యం చెప్తా, కానుక ఇస్తా" అని మాట ఇచ్చినవాళ్ళు, పని జరగకపోతే దేవుడి మీద అలిగి ఆరు నెలలు చర్చి మొహం చూడరు. చూశాను.

4. వారానికి ఒకే కీర్తన

కీర్తనలు 150 ఉన్నాయి. ఆరు వారాలకు ఐదు చాలు. మొదటి వారం 13, తర్వాత 23, 131, 46, 27, మళ్ళీ 13. రోజూ అదే కీర్తన, గొంతెత్తి, నెమ్మదిగా, రెండుసార్లు. మనసుకు తగిలిన ఒక్క మాట పుస్తకంలో రాయండి. నాలుగో రోజుకు విసుగొస్తుంది, ఐదో రోజు నుంచి అది మీకు నోటికొస్తుంది, ఆటోలో ఉన్నప్పుడు దానంతటదే నాలుక మీదకు వస్తుంది, మనకు కావాల్సింది అదే.

13తో మొదలుపెట్టమన్నది ఎందుకంటే అది ఆరు వచనాల ఫిర్యాదు. ఎన్నాళ్ళు నన్ను మరిచిపోతావు అని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు. బైబిల్లో ఇలా నిలదీయడం ఉందని చాలామంది విశ్వాసులకు తెలియదు, ఎప్పుడూ స్తుతి స్తుతి అని బలవంతంగా నవ్వుతూ లోపల కుళ్ళిపోతుంటారు. 88వ కీర్తన అయితే చీకటి మాటతోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు కూడా ఉండదు. అదీ ప్రార్థనే.

ఇందులో పొరపాట్లు రెండు. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనమే ఈ రోజు దేవుడి మాట అనుకోవడం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక వచనం అని తీసే వాగ్దాన కార్డును లాటరీ టికెట్టులా చూడటం కూడా ఇలాంటిదే. కార్డు తీయొద్దు అనను, నేనూ తీస్తాను, అది ఏ అధ్యాయంలోదో ఇంటికొచ్చి ముందూ వెనకా చదవండి. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని ఆటోల వెనకా, పరీక్ష ప్యాడ్ల మీదా ఉంటుంది చూడండి, ఫిలిప్పీ 4:13. దాని ముందు రెండు వచనాలు ఎవరూ అంటించుకోరు. అక్కడ పౌలు కడుపు నిండినప్పుడూ, ఆకలితో ఉన్నప్పుడూ తృప్తిగా ఉండటం నేర్చుకున్నానంటాడు. నేర్చుకున్నాడట. ఆయనకూ ఒక్క రాత్రిలో రాలేదు.

5. తెగిన చోట కుట్టండి

ఇది అందరూ దాటేసే మెట్టు. మత్తయి 5:23, 24లో, కానుక ఇవ్వడానికి వచ్చినప్పుడు నీ మీద నీ సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి, "మొదట నీ సహోదరునితో సమాధానపడుము" అని ఉంది. చూశారా, మళ్ళీ అదే మాట. సమాధానం అంటే జవాబు, మనశ్శాంతి, మూడోది మనుషులు కలవడం.

నాకూ మా తోటికోడలికీ ఒక చీటీ డబ్బు దగ్గర తేడా వచ్చి ఏడాదిన్నర మాటల్లేవు. కూడికలో అందరికీ శాంతి గురించి చెప్పేది నేను, ఇంటికి రాగానే కిటికీలోంచి ఆమె ఇంటి తలుపు చూసి పళ్ళు కొరికేదీ నేనే. చివరికి ఒకరోజు డజను అరటిపళ్ళు కొనుక్కుని వెళ్ళాను. వెళ్ళగానే కౌగిలించుకుని ఏడ్చామని రాస్తే బాగుండేది. ఆమె పళ్ళు తీసుకోలేదు, కూర్చోమనలేదు, కాసేపటికి టీ తెచ్చి స్టూలు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను "డబ్బు లెక్కలో నాదీ తప్పుంది" అని ఆ వంటింటి గుమ్మంవైపు చూసి చెప్పి, చల్లారిన టీ తాగి వచ్చేశాను. ఆమె మాట్లాడటానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. కానీ నాకు ఆ రాత్రే నిద్ర పట్టింది. మీ వైపు కుట్టు మీరు వేయండి, అవతలి అంచు మీ చేతిలో లేదు.

అప్పుల సంగతి కూడా ఇక్కడే. అప్పిచ్చినవాడి ఫోను ఎత్తకుండా తప్పించుకుంటూ మనశ్శాంతి కోసం ప్రార్థిస్తే రాదు. వాడు ఫోను చేయకముందే మీరు చేసి, ఎంత ఉంది, ఎప్పటికి ఎంత ఇవ్వగలరు చెప్పండి. తిట్టొచ్చు. తిట్టనీండి.

జాగ్రత్త: కొట్టే భర్త దగ్గరికి, ఒంటి మీద చేయి వేసిన బంధువు దగ్గరికి "సమాధానపడమని వాక్యంలో ఉంది" అని వెళ్ళమని ఈ మెట్టుకు అర్థం కాదు. ఎవరైనా అలా చెప్పి పంపితే వినకండి. ముందు మీరు క్షేమంగా ఉండే చోటుకు వెళ్ళండి. 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112.

6. ఒక్క మనిషికి చెప్పండి

పాస్టరుగారే అయ్యుండాలని లేదు, పాస్టరమ్మగారు కావచ్చు, మీ పక్క కుట్టుమిషను మీద కూర్చునే ఆమె కావచ్చు. ఎవరిని ఎంచుకోవాలో ఒక చిన్న పరీక్ష ఉంది: ఆ మనిషి ఇతరుల సంగతులు మీ దగ్గర చెప్తుందా? చెప్తే మీ సంగతి కూడా ఇంకోచోట చెప్తుంది. మన దగ్గర "ప్రార్థన అంశం" పేరుతో ఊరంతా తిరిగే కబుర్లు తక్కువేం కాదు. "ఫలానా ఆమె కోసం ప్రార్థన చేయండి, వాళ్ళాయన..." అని మొదలైతే అది ప్రార్థన అంశం కాదు, పంచాయితీ.

వారానికి ఒకసారి, అరగంట. మీరు చెప్పండి, ఆమె వింటుంది, ఇద్దరూ కలిసి చిన్న ప్రార్థన. సలహాలు అడిగితేనే ఇవ్వాలి.

సంఘం లేనివాళ్ళు అడుగుతుంటారు, ఏ చర్చికి వెళ్ళాలి అని. తిరుపతి, చిత్తూరుల్లో లూథరన్, సీఎస్ఐ, ఆర్‌సీఎం, బాప్టిస్టు, ఇళ్ళల్లో జరిగే చిన్న సంఘాలు, అన్నీ ఉన్నాయి. నేను పేరు చెప్పను. మూడు ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుని చూడండి. మొదటి నెలలోనే డబ్బు గురించి అడిగినా, మీ ఇంటివాళ్ళతో సంబంధం తెంచుకోమన్నా, ప్రశ్న అడిగితే విశ్వాసం లేదని మొహం మాడ్చినా లేచి వచ్చేయండి.

ఇంట్లో మీరొక్కరే యేసును నమ్మినవాళ్ళయితే, నోటు పుస్తకం, మిద్దె, ఒక స్నేహితురాలు, ఇవే మీ సంఘం అనుకుని మొదలుపెట్టండి. అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. ఆమెకు మీలో మార్పు కనిపించడానికి వాదన కంటే పొద్దున్నే కాఫీ కలిపి ఇవ్వడం బాగా పనిచేస్తుంది.

7. మూడో గడిలోది చేయండి

మనశ్శాంతి తర్వాత అందరూ అడిగేది ధైర్యం. "అక్కా, నాకు కాన్ఫిడెన్స్ లేదు." అది ప్రార్థనలో కూర్చున్నంతసేపూ రాదు, లేచి ఏదో ఒక పని చేసినప్పుడే వస్తుంది. మూడో గడిలో రాసుకున్న చిన్న పని, ఆ రోజే చేసేయాలి. ఫోను చేయడం, దరఖాస్తు పెట్టడం, టెస్టుకు రక్తం ఇవ్వడం. భయం పోయాక చేద్దామని ఆగొద్దు, భయంతోనే చేయండి.

బంగారుపాళ్యం దగ్గర మా చిన్నాన్న కొడుకుకు నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. రేటు పడిపోయిన ఏడాది జ్యూస్ ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల బారులో రెండు రాత్రులు ఉన్నాడు, కాయ మెత్తబడి ట్రాలీ అడుగు నుంచి రసం కారుతోంది, ఈగలు. నాకు ఫోను చేసి, "అక్కా, ప్రార్థన చేస్తే రేటు పెరగతాదా?" అన్నాడు. పెరుగుతుందని నేనెలా చెప్పను? పౌలు తన ఒంట్లో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని, ముల్లు అలాగే ఉంది. అది చెప్పి, ఒక కాగితం తీసి ఎన్ని టన్నులు, ఎంత నష్టం, ఎవరికి ఎంత ఇవ్వాలి, రాయమన్నాను. ట్రాక్టరు బానెట్ మీద పెట్టి, ఫోను లైటు వెలుగులో రాసుకున్నాడు. మర్నాడు పొద్దున ఎరువుల షాపతనికి తనే ఫోను చేసి సంక్రాంతి దాకా గడువు అడిగాడు. రేటు పెరగలేదు. ఆ ఏడు నష్టమే. కానీ మరుసటి ఏడు, మిగతావాళ్ళు మళ్ళీ రేటు ఏమవుతుందోనని దిగాలు పడుతుంటే వాడు గట్ల మీద కంది వేసుకుంటూ కనిపించాడు. నిబ్బరం అంటే నాకు వాడే గుర్తొస్తాడు.

మాత్రలు ఆపకండి

దీన్ని విడిగా రాస్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో జరిగింది. ఒక కూడికలో ఒకాయన, విశ్వాసం ఉంటే మాత్రలెందుకు అన్నాడని మా అమ్మ షుగరు మాత్రలు పదకొండు రోజులు మానేసింది. పన్నెండో రోజు ఆసుపత్రిలో చేర్చాం. బతికింది, దేవుడి దయ, ఇన్సులిన్ దయ. ఆయన మాత్రం చూడటానికి కూడా రాలేదు.

ప్రార్థనకూ వైద్యానికీ పోటీ పెట్టేవాళ్ళను ఒకటే అడుగుతాను: మన చిత్తూరువైపు రాయవేలూరు ఆసుపత్రికి (వెల్లూరు సీఎంసీ) వెళ్ళని ఇల్లుందా? దాన్ని 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టింది ఐడా స్కడ్డర్ అనే మిషనరీ డాక్టరమ్మ. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో టీబీ రోగుల కోసం ఆసుపత్రి కట్టింది కూడా మిషన్లవాళ్ళే. మోకాళ్ళ మీద ఉండేవాళ్ళే ఆసుపత్రులు కట్టారు.

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి లేకుండా, ఏ పనిమీదా మనసు పోకుండా ఉంటే అది విశ్వాస లోపం కాదు, డిప్రెషన్ కావచ్చు. తిరుపతి రుయా సర్కారు ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్ళండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే 14416కు ఫోను చేయండి, టెలీ మానస్, ఉచితం, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి. పుస్తకం, కీర్తనలు తర్వాత చూసుకోవచ్చు.

పనిచేస్తోందా లేదా, ఎలా తెలుస్తుంది?

బుధవారం చూసుకోండి. ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ బాగానే ఉంటుంది, పాటలు, మంచి చీర, నలుగురి పలకరింపు. సోమవారం కూడా ఆ వేడి కొంత ఉంటుంది. బుధవారం మధ్యాహ్నానికి ఏమీ మిగలదు, అప్పుడు ఉన్నదే మీ అసలు నిలవ.

పుస్తకం వెనక పేజీలో ప్రతి బుధవారం మూడు సంగతులు రాయండి. రాత్రి పడుకున్నాక నిద్ర పట్టడానికి సుమారు ఎంతసేపు పట్టింది? ఇచ్చేసిన చింతను ఎన్నిసార్లు వెనక్కి లాక్కున్నారు? ఇంట్లో ఎన్నిసార్లు అరిచారు? మూడోది మీరు లెక్కపెట్టొద్దు, ఇంట్లోవాళ్ళను అడగండి. నేను మా అమ్మాయిని అడిగితే "ఆరు" అంది. అన్నిసార్లా అని గట్టిగా అన్నాను. "ఏడు" అంది.

సంతోషంగా ఉన్నారా లేదా అన్నది కొలతలోకి తీసుకోవద్దు, అది వాతావరణంలాగా మారుతుంది. మూడో వారంలో ఒకసారి వెనక్కి పోయినట్టు అనిపిస్తుంది, చాలామందికి అలాగే అవుతుంది, దాచిపెట్టినవి అప్పుడే పైకి వస్తాయి. ఆపకండి. ఆరు వారాలైనా అంకెలు కదలకపోతే ఐదో మెట్టు దాటేశారేమో చూసుకోండి, పదిమందిలో ఎనిమిదిమంది దగ్గర నాకు దొరికేది అదే. అదీ కాకపోతే మొదటి మెట్టు. ఎక్కువ ప్రార్థన చేయలేదేమో అని గంటలు పెంచుకుంటూ పోవద్దు.

రోజులు తప్పిపోతే మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పనిలేదు, ఇది నలభై రోజుల దీక్ష కాదు. ఎక్కడ ఆపారో అక్కడ తేదీ వేసి సాగండి.

పుస్తకం నిండాక పారేయకండి, ఎవరి చేతికీ అందనిచోట దాచండి. ఏడాది తర్వాత తీసి చదవడానికి పనికొస్తుంది. అందుకే రాసేటప్పుడు పేర్లూ అంకెలూ పూర్తిగా రాయమంటున్నాను. నా మొదటి పుస్తకంలో ఒక పేజీ నిండా, పెన్ను కాగితంలోకి దిగబడేలా గట్టిగా, "ఆ విషయం" అని మాత్రమే రాసుకున్నాను, కింద మూడుసార్లు గీత గీసి. ఇచ్చిన తేదీ ఉంది. ఏ విషయమో ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు.